అవ్వ నగలు కరగకుండా మిగిలిన కథ: నా అనుభవం

బ్యాంకు లాకర్లోంచి అవ్వ నగలు బయటికి వచ్చింది 2025 జనవరిలో, సంక్రాంతి దాటాక. వాటిలో మొదటిది నేను వేసుకోగలిగింది ఆగస్టు 8న, వరలక్ష్మీ వ్రతం నాడు. ఈ మధ్యకాలంలో ఎక్కడెక్కడ తిరిగాను, ఎంత ఖర్చయింది, ఎవరెవరితో మాటలు పడ్డాను అన్నది రాస్తున్నాను. నేను మొదలుపెట్టినప్పుడు ఇలాంటి అనుభవం ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. దొరికినవన్నీ "పాత నగ తెండి, కొత్త నగ తీసుకెళ్ళండి" ప్రకటనలే.

అవ్వ అంతకుముందు కార్తీకంలో పోయింది. లాకర్ చిత్తూరులో ఉంది, నామినీ మా అమ్మ. మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, బ్యాంకు వాళ్ళ ఫారం ఇచ్చాం. కాగితాలు సరిగ్గా ఉంటే 15 రోజుల్లోగా నామినీకి లాకర్లోని వస్తువులు ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ మాట గట్టిగా అన్నాకే మా ఫైలు కదిలింది. తెరిచే రోజు సాక్షులను తెచ్చుకోమన్నారు. ఒక్కో వస్తువు తీసి, రాసి, అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. ఆ జాబితాలో మా కెంపుల అడ్డిగ పేరు "ఎర్రరాళ్ళ నెక్లెస్, 1". తూకం వేయలేదు.

పసుప్పచ్చ గుడ్డసంచిలో ఉన్నవి ఇవి. కెంపుల అడ్డిగ, అందులో రాళ్ళు పోయిన గూళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి. ఏడురాళ్ళ కమ్మలు. కాసులపేరు. జడబిల్ల. ముత్యాల మాటీ (కమ్మ నుంచి జుట్టుకు తగిలించేది) ఒక్కటే, దాని జత ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

అమ్మ, చిన్నమ్మ, మామ ముగ్గురూ కూర్చున్నారు. మామ మాట ఒక్కటే: "అన్నీ కరిగిచ్చేసి మూడు భాగాలు జేసుకుందాం. ఎవురికీ బాధ ఉండదు." ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ముగ్గురి ఇళ్ళల్లోనూ పెళ్ళి కావాల్సిన పిల్లలు ఉన్నారు. అడ్డిగను మాత్రం కరిగించొద్దని నేను అడ్డం పడ్డాను. "అయితే విలువ కట్టించుకొని రా పాపా, మా భాగం డబ్బులు ఇచ్చెయ్" అన్నాడు మామ. అలా ఈ తిరుగుడు మొదలైంది.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం గాంధీ రోడ్డుకు పోయాను. మొదటి షోరూంలో కుర్రాడు అడ్డిగను క్యారెట్ మీటర్లో పెట్టి ముందువైపు చూశాడు. 98 శాతం వచ్చింది. నాకు సంతోషమేసింది. తిప్పి వెనకవైపు పెడితే 87. "మేడమ్, మేం తీసుకునేది 87 లెక్కే" అన్నాడు. ఒకే నగకు రెండు లెక్కలు ఎందుకని అడిగితే, పాత నగలు అట్లే ఉంటాయి మేడమ్ అని ఊరుకున్నాడు. కారణం తర్వాత ఈ నగ బాగుచేసిన కంసాలి ఆచారిగారు చెప్పారు. ఆ మెషీన్ ఎక్స్‌రేతో పైపొరను మాత్రమే చదువుతుంది. ముందువైపు రాళ్ళ చుట్టూ ఒత్తినది కుందనం, అంటే దాదాపు కల్తీ లేని మేలిమి బంగారం. వెనక రేకులో రాగి, వెండి కలుస్తాయి. టంకం పెట్టిన చోట పెడితే లెక్క ఇంకా దిగుతుంది. కాబట్టి మెషీన్ చెప్పేది అబద్ధం కాదు, కానీ అది ఏ చోటు గురించి చెబుతోందో చూసుకోవాలి.

ఆ తర్వాత తీసివేతలు. మొత్తం తూకం 58 గ్రాములు. రాళ్ళకింత, లోపలి లక్కకింత అని తీసేసి ఆ కుర్రాడు నికరం 29 గ్రాములు అని రాశాడు. అదే వీధిలో ఇంకో దుకాణంలో 34 అన్నారు. అదే నగ, అదే మధ్యాహ్నం. ఆ రోజు ధరకు ఐదు గ్రాములంటే నలభై వేల దాకా తేడా. లక్క నింపిన నగలో ఎంత బంగారం ఉందో విప్పకుండా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, అందుకే ఎవరి జాగ్రత్త వాళ్ళు చూసుకుంటారు. రెండు చోట్లా కామన్‌గా వచ్చిన మాట ఇంకోటి: "హాల్‌మార్క్ లేదు కదా మేడమ్." అది విని అమ్మ భయపడింది, ఇదేమైనా నేరమేమో అని. కాదు. 2021 జూన్ నుంచి వచ్చిన తప్పనిసరి హాల్‌మార్కింగ్, అంటే బంగారం స్వచ్ఛత చూసి ముద్ర వేయించడం, అమ్మే వ్యాపారికి. మన ఇంట్లో ఉన్న పాత నగ ఉంచుకోవడానికి గానీ, అమ్ముకోవడానికి గానీ అది అడ్డు కాదు. పైగా కుందనం నగలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది.

తర్వాత ఆ ముద్రల వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్‌లో వెతికి హాల్‌మార్కింగ్ సెంటర్‌కు వెళ్ళాం. వ్యాపారులకే కాదు, మామూలు జనానికి కూడా అక్కడ పరీక్ష చేసిపెడతారు. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, పైన జీఎస్టీ. కొనే ఉద్దేశం లేని చోట పరీక్ష చేయించుకోవడంలో ఎంత ప్రశాంతత ఉందో! అడ్డిగలో రాళ్ళూ లక్కా ఉన్నాయి కాబట్టి దానికి గట్టి లెక్క ఇవ్వలేమన్నారు. మిగతావాటితో మాకు రెండు షాకులు తగిలాయి. జడబిల్ల బంగారం కాదు, వెండి మీద బంగారు పూత. చిన్నమ్మ ముఖం మాడిపోయింది, అది తనకే వస్తుందని అవ్వ ఎప్పుడో చెప్పిందట. రెండోది కాసులపేరు. "అన్నీ జార్జి కాసులే" అని అవ్వ అంటుండేది. నిజానికి అన్నీ పల్చటి లక్ష్మీకాసులు, మధ్యలో రెండు మాత్రమే అసలైన ఇంగ్లీషు సవరన్లు, అంటే బ్రిటిష్ బంగారు నాణేలు.

ఆ రెండింటిని భూతద్దం పెట్టి చూస్తూ ఒక సాయంత్రం గడిపాను. ఒకవైపు ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రం మీద వీరుడు. ఒకదాని మీద 1918 అని ఉంది. ఆ అంకెల పైన, గుర్రం కింద నేలగీత మీద, ఇంగ్లీషు ఐ అక్షరం చిన్నగా కనిపించింది. బొంబాయి టంకశాల సవరన్ల మీద ఉండేది ఆ ఒక్క 1918 సంవత్సరమే, ఆ గుర్తు దానిదే. ఒక్కోటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. కొక్కీ టంకం పెట్టడం వల్ల నాణేలు సేకరించేవాళ్ళు దానికి ఎక్కువ ధర ఇవ్వరు. అయినా మామకు ఫోన్ చేసి చెప్తే, "బొంబాయి కాసా?" అని చాలాసేపు నవ్వాడు. అప్పటి నుంచి ఆయన కరిగించే మాట కాస్త తగ్గించాడు.

మార్చిలో పరీక్షలు, పేపర్లు దిద్దడం. నగల సంగతి పక్కన పడింది.

అసలు టెన్షన్ ఏప్రిల్‌లో వచ్చింది. ఫిబ్రవరి ధరకు లెక్క వేసి మామకూ చిన్నమ్మకూ ఎంత ఇవ్వాలో నోట్‌బుక్కులో రాసుకున్నాను. నెల తిరిగేసరికి ధర ఎక్కుతూ పోయింది. ఏప్రిల్ నాలుగో వారంలో 24 క్యారెట్ల పది గ్రాములు లక్ష దాటింది. చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి, "అక్కా, ఆ లెక్క పాతదైపోయింది కదా" అన్నాడు. వాడి మాటా న్యాయమే. కానీ నా జీతం లక్ష దాటలేదు కదా. రెండు వారాలు ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. మా ఆయన చెప్పిన ఉపాయం మమ్మల్ని బయటపడేసింది: రూపాయల్లో కాకుండా గ్రాముల్లో పంచుకోవడం. కాసులపేరు మొత్తం మామకు. కమ్మలు అమ్మకు. అడ్డిగ మా ఇంట్లో ఉంటుంది, చిన్నమ్మ ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా ఆమెకు వెళ్తుంది. దాంట్లో ఆమె భాగానికి సరిపడా నేను నా రెండు గాజులు ఇచ్చాను. ధర ఎక్కినా దిగినా ఇక ఎవరికీ గొడవ లేదు. నలుగురం సంతకాలు పెట్టి కాగితం రాసుకున్నాం. పాత నగలు పంచుకునేవాళ్ళు ముందే ఇలా చేసుకుంటే మంచిది.

మేలో గంగమ్మ జాతర రోజుల్లో కమ్మల సంగతి చూశాను. వజ్రాలు చూసే చిన్న పరికరం ఉంటుంది, పెన్నులా ఉండి రాయి మీద ఆనిస్తే కూస్తుంది. రెండు కమ్మల్లో కలిపి పద్నాలుగు రాళ్ళుంటే పదమూడింటికే కూసింది. ఎడమ కమ్మలో ఒక రాయి వజ్రం కాదు, తెల్లరాయి. షాపతను మా వైపు జాలిగా చూశాడు. అమ్మ మాత్రం నవ్వింది. చిన్నమ్మ పెళ్ళిలో ఆ రాయి ఎక్కడో పడిపోయిందట. లడ్డూలు కట్టిన చోటు, అన్నం వార్చిన చోటు, ఎంగిలాకులు కూడా వెతికారట. అవ్వ ఏడుస్తుంటే తాత దొరికిందని చెప్పి తెల్లరాయి వేయించి తెచ్చి ఇచ్చాడు. అమ్మకు ఆ సంగతి తెలుసు, అవ్వకు చివరిదాకా తెలియదు.

"మిగతావన్నీ బ్లూ జాగర్ మేడమ్, ఇప్పుడు దొరకవు" అన్నాడు అదే షాపతను. ఈ మాట మన దగ్గర ప్రతి పాత కమ్మ గురించీ వింటాం. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫోంటైన్ గని నుంచి వచ్చిన, కొద్దిగా నీలిచాయ తేలే వజ్రాలకు ఆ పేరు. ఆ గని 1971లో మూతపడింది. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే మా వాటిలో కొన్ని నీలంగా వెలిగాయి, కొన్ని వెలగలేదు. ఇతర చోట్ల దొరికే వజ్రాలు కూడా కొన్ని అలా వెలుగుతాయి కాబట్టి దీంతో ఏమీ తేలదు. పుట్టుక కాగితం లేని రాయికి గని పేరు తగిలించి ఎక్కువ ధర అడిగితే నేనైతే ఇవ్వను. తెల్లరాయి తీసి కొత్త వజ్రం పెట్టించమని కూడా సలహా ఇచ్చాడు. పెట్టి చూపించాడు. ఇప్పటి కోత రాయి మరీ మెరుస్తుంది, పాత కోత రాళ్ళ పక్కన అది ఒక్కటే అరుస్తున్నట్టు ఉంది. తాత వేయించిన రాయినే ఉంచేశాం.

ఇక ఆచారిగారు. ఈయన దొరకడమే ఈ మొత్తం కథలో నా అదృష్టం. చిత్తూరు బజారు వీధి వైపు ఒక సందులో, ఇంటి ముందు గదిలోనే పని. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఏప్రిల్‌లోనే ఒకసారి వెళ్ళాను, నగ చేతిలోకి కూడా తీసుకోలేదు. "పెండ్లి ముహూర్తాలమ్మా, తాళిబొట్లకే టైం చాలడం లే. ఆషాడంలో రా" అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట అదే. మంచి పనివాళ్ళు ఆషాఢంలోనే ఖాళీగా ఉంటారు. మిగతా నెలల్లో ఇస్తే మన నగ వాళ్ళ డబ్బాలో పడి ఉంటుంది.

జూన్ 26న ఆషాఢం మొదలైంది. ఆ వారంలోనే అడ్డిగను టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి, పైగిన్నెల్లో పులిహోర, పెరుగన్నం పెట్టి, చిత్తూరు బస్సెక్కాను. చంద్రగిరి దాటాక పక్కసీటు ఆమె "ఏమి మ్మా, మంచి వాసన వస్తా ఉంది" అంటే చెమటలు పట్టాయి. పూతలపట్టు దాకా క్యారియర్ ఒళ్ళోంచి దించలేదు.

ఆచారిగారు ఈసారి కళ్ళద్దాలు మార్చుకుని, నగను వెనక్కి తిప్పి, చాలాసేపు చూశారు. ముందు వైపు చూడలేదు. "వెనక రేకు చేత్తో కొట్టింది. ఇది చేసినోడు బిరీన చేసినోడు కాదు. మీ అవ్వ పెండ్లి ఎప్పుడమ్మా?" 1961 అన్నాను. "సరిపోయింది. ఆపైన అయితే ఈ బంగారం వాడనిచ్చుండరు" అన్నారు. 1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చి కొత్త నగ 14 క్యారెట్లకు మించకూడదన్నారు. అప్పుడు వాళ్ళ నాయనకు పనిలేక గడియారాలు బాగుచేయడం నేర్చుకున్నాడట. 14 క్యారెట్ల షరతు తర్వాత ఎత్తేసినా, 1968లో చట్టం వచ్చి అది 1990 దాకా ఉంది. "లెక్కలు, లైసెన్సులు. మా నాయన చేతిలో బంగారం కంటే కాగితాలే ఎక్కువుండేవి" అని నవ్వారు. ఆ గడియారాల పెట్టె ఇప్పటికీ అలమరలో ఉంది, నాకు చూపించారు.

తర్వాత షరతులు పెట్టారు. రాళ్ళు నా ఎదురుగానే లెక్కపెట్టి, పోయిన గూళ్ళు గుర్తు వేసి, తూకం వేసి, రెండు చీటీల మీద రాశారు. ఒకటి నాకు, ఒకటి నగతో. ముందూ వెనకా ఫోటోలు తీసుకోమన్నారు. "నమ్మకం ఉన్నా తీసుకో" అన్నారు. రెండో షరతు, మెరుగు పెట్టమని అడగకూడదు. పాత నగను యాసిడ్‌లో ముంచి తోమితే కొత్తదానిలా అవుతుంది గానీ కుందనం అంచులు అరిగిపోతాయి, నీళ్ళు లోపలికి దిగి రాళ్ళ కింది తళుకు రేకు నల్లబడుతుంది. మా అడ్డిగలో కొన్ని రాళ్ళు నిర్జీవంగా కనిపించడానికి కారణం అదే. అవ్వ ప్రతి దీపావళికీ కుంకుడుకాయ నీళ్ళలో నానబెట్టేది. గట్టి బంగారు గాజులకు అది మంచిదే. వెనక మూసి కట్టిన రాళ్ళ నగకు మాత్రం ఒక్క చుక్క నీళ్ళు తగలకూడదు.

జూలైలో ఒక ఆదివారం పోయి పని చూశాను. కుంపటి వాడతారనుకున్నాను, వాడలేదు. చిన్న ఉలిలాంటి పనిముట్టుతో కుందనం లేపి, రాయి తీసి, నల్లబడిన రేకు గీకి, కొత్త వెండి రేకు కత్తిరించి వేసి, రాయి కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారు రేకు సన్నగా మడిచి ఒత్తుతున్నారు. వేడి లేదు, టంకం లేదు. అంత శుద్ధమైన బంగారం ఒత్తిడికే దానికది అతుక్కుంటుంది. వేడి తగిలితే లోపలి లక్క కరిగి మొత్తం కదిలిపోతుంది. ఒక్కో రాయికి అరగంట పైనే పడుతోంది. వాళ్ళబ్బాయి లక్క నింపే పని మాత్రం చేస్తున్నాడు. పగలు వేరే ఉద్యోగం, ఆదివారం ఇది.

పోయిన రాళ్ళ స్థానంలో ఏవి పెట్టాలన్నది పెద్ద తలనొప్పి. బజార్లో దొరికే ఎర్రరాళ్ళు మరీ గులాబీ రంగు. ఆచారిగారి దగ్గర విరిగిన పాత నగల నుంచి తీసిన రాళ్ళ డబ్బా ఉంది, అందులోంచి ఏరారు. ఆ సందర్భంలోనే అవ్వ రాళ్ళను పది రెట్లు పెంచే కన్నద్దంతో చూపించారు. కొన్నింటిలో లోపల గీతలు వంపుగా ఉన్నాయి. గనిలో పుట్టిన కెంపులో అవి వంపు తిరగవు. ఇవి ఫ్యాక్టరీ రాళ్ళు. ఫ్రాన్సులో వెర్నోయ్ అనే ఆయన కెంపును కొలిమిలో తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు, ఆ తర్వాత అలాంటి రాళ్ళు దేశదేశాలకు పోయాయి. అవ్వ పెళ్ళి నాటికే అవి మన ఊళ్ళలో మామూలు. నగ పాతదైతే రాయి కూడా గనిదే అనుకోవడానికి లేదు. మా దాంట్లో సగానికి పైగా అలాంటివే ఉన్నాయని ఆయన అంచనా. అమ్మకు చెప్పలేదు, చెప్పాల్సినంత ముఖ్యమైన విషయంగా నాకు అనిపించలేదు.

ఈలోగా నా చెవుల గొడవ. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది. పాత కమ్మల కాడ లావుగా ఉంటుంది. నా చెవి రంధ్రం ఇప్పటి సన్న కాడలకు కుట్టించింది, కమ్మ లోపలికే పోలేదు. కాడ అరగదీయిద్దామా అని అడిగితే ఆచారిగారు ఒప్పుకోలేదు, మర పట్టదు అన్నారు. మే నెల నుంచే కొబ్బరినూనె రాస్తూ, ముందు కొంచెం లావు కాడ పోగులు, తర్వాత ఇంకొంచెం లావువి పెట్టుకుంటూ వచ్చాను. ఒక వారం ఎడమ చెవి వాచింది, ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. రంధ్రం సరిపోయాక బరువు సమస్య. అద్దంలో చూస్తే తమ్మెలు కిందికి లాగుతున్నాయి. మాటీలు అందానికి అనుకున్నాను ఇన్నాళ్ళూ. కమ్మ బరువును జుట్టు వైపుకు ఎత్తిపట్టడమే వాటి అసలు పని.

మా దగ్గర ఉన్నది ఒక్క మాటీ. పాత జత కోసం దుకాణాల్లో అడిగాను. ఒక చిన్న దుకాణం ఆయన నిజం చెప్పాడు: "రోజూ వస్తాయమ్మా పాతవి. కానీ 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్ గుర్తింపు నంబరు, లేకుండా నేను అమ్మకూడదు. దీనికి నంబరు వేయించే కష్టం కంటే కరిగించడమే సులువు." ఎక్స్‌ఛేంజ్‌కు వచ్చిన నగలు పళ్ళెంలో పోసి ఉన్నాయి. ఒక నాగరం, విరిగిన బేసరి, పేరు చెక్కిన ఉంగరం. మరుసటి రోజుకు అవన్నీ ముద్ద. చూడటానికి బాధేసింది, కానీ అక్కడ చేసేది ఏమీ లేదు. పాతవి సేకరించాలంటే అవి దుకాణం మెట్లు ఎక్కకముందే పట్టుకోవాలి. బంధువులందరికీ చెప్పి పెట్టాను. జూలై చివర్లో మా పెద్దమ్మ ద్వారా పాకాల నుంచి ఒకామె ఫోన్ చేసింది, ముత్యాల మాటీల జత ఉందని. కొన్ని ముత్యాలు వన్నె తగ్గాయి. దుకాణంలో ఇచ్చే ధరకు తరుగు తీయకుండా ఇచ్చాను, ఇద్దరం కాగితం మీద సంతకాలు చేశాం, డబ్బు బ్యాంకు ఖాతాకే పంపాను. ఆమెకు లాభమే, నాకూ లాభమే. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూసలు గుచ్చే ఆమె అదే రోజు కొత్త దారం వేసి ఇచ్చింది.

అడ్డిగ శ్రావణం మొదటి వారానికి ఇస్తానన్నారు. ఇవ్వలేదు. ఫోన్ చేస్తే "రెండు రాళ్ళు నచ్చలేదు, మళ్ళీ తీసినా" అన్నారు. వ్రతానికి రెండు రోజుల ముందు చేతికి వచ్చింది. ఎదురుగా రాళ్ళు లెక్కపెట్టి చూపించారు. పాత కుందనం తునకలు, గీకిన పొడి కాగితంలో పొట్లం కట్టి, తూకం వేసి నాకే ఇచ్చారు. తూకం చీటీ కలిసింది. కూలి 16,000. చేర్చిన మేలిమి బంగారం రెండు గ్రాముల దగ్గర, అది 20 వేలకు కొంచెం తక్కువ. రాళ్ళకు 3,500. కమ్మల మర మార్చి, శుభ్రం చేసినందుకు 2,800. వెనక కట్టే పట్టుతాడు, కుచ్చు 450. బస్సు ఛార్జీలు, మధ్యలో తిన్న ఇడ్లీలు లెక్క వేయలేదు. "ఈ డబ్బుకు కొత్త చైన్ వచ్చేది" అని మా అత్తగారు ఒకే ఒక్కసారి అన్నారు. వచ్చేది, నిజమే.

వేసుకోవడంలో కూడా తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. వెనక రేకు అంచులు పట్టు జాకెట్టు దారాలను లాగేస్తాయి, మెడ వెనక నూలు గుడ్డ ముక్క పెట్టి కట్టుకున్నాను. తాడు కొలత కూర్చున్నప్పుడు చూసుకోవాలి, నిలబడి కట్టుకుంటే పూజలో వంగినప్పుడు పైకి ఎక్కుతుంది. సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాకే నగ. తీసిన వెంటనే మెత్తటి పొడి గుడ్డతో చెమట తుడిచి, కాసేపు గాలికి ఉంచి, విడిగా గుడ్డలో చుట్టాలి. వేరే నగలతో కలిపి పెడితే గొలుసుల కొక్కీలు కుందనాన్ని గీస్తాయి.

వ్రతానికి వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళు దగ్గరికి వచ్చి నగను వెనక్కి తిప్పి చూశారు, ఆచారిగారిలాగే. చిన్నవాళ్ళు "వన్ గ్రామ్ గోల్డా ఆంటీ? ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. పాత బంగారం ఎర్రగా, మెరుపు తక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్ళ కంటికి అలా కనిపించి ఉంటుంది. సాయంత్రానికి చెవులు నొప్పి పెట్టి కమ్మలు తీసేశాను. అడ్డిగను రాత్రి భోజనాల దాకా ఉంచుకున్నాను.

చిన్నమ్మ కొడుకు పెళ్ళి మాఘమాసంలో ఉండొచ్చంటున్నారు, అప్పుడు అడ్డిగ ఆమె దగ్గరికి వెళ్తుంది. మామ కాసులపేరులో మధ్యనున్న ఆ రెండు కాసుల కొక్కీలు అరిగిపోయాయట, ఎక్కడ చేయించాలి పాపా అని అడిగాడు. చిత్తూరు సందు చెప్పాను. ఆషాఢంలో పొమ్మని కూడా చెప్పాను.